కొత్త ఆరికలు

అన్నం తిని చెయ్యి కడుక్కుంటూనే చెంగమ్మ ఊగిపోయింది. చేతులు వణికాయి. కళ్ళు తేలేసింది.

"అమ్మోరు వచ్చిండాది!" అని పక్కింటి ముసలమ్మ కేక వేసింది. వీధి వీధంతా వాకిట్లో చేరింది. పసుపునీళ్ళు పోశారు. "నా బిడ్డకి జరం ఎప్పుడు తగ్గుతాది తల్లీ?" అని ఒకామె కాళ్ళ మీద పడింది.

భర్త ఎల్లప్పకు మాత్రం కాలు ఒకచోట నిలవలేదు. పదేళ్ళ కాపురంలో చెంగమ్మకు ఏనాడూ పూనకం రాలేదు. ఎవరో వేపమండలు తెమ్మంటే కొట్టం వైపు వెళ్ళాడు.

కొట్టంలో ఎద్దు గోడకు ఒరిగి, చొంగ కారుస్తూ, నిలువెల్లా వణుకుతోంది. పొద్దున దానికి వేసింది ఆరికల పొట్టు.

ఎల్లప్ప ఆ పొట్టు గుప్పిట్లోకి తీసుకుని వాసన చూశాడు. కళ్ళంలో వానకు తడిసి బూజు పట్టిన ఆరికలవి. రేషన్ బియ్యం అయిపోయిన ఇంట్లో గింజ పారబోయడానికి మనసొప్పక తనే కడిగి ఎండబెట్టాడు. చెంగమ్మ తిన్నదీ ఆ ఆరికల అన్నమే.

వాకిట్లోకి పరుగెత్తాడు. ముసలమ్మ చెంగమ్మ వండిన అన్నం కుండ బయటికి తెచ్చి, అమ్మవారి ప్రసాదమని తలా ఒక ముద్ద పెడుతోంది. ముందు వరసలో పిల్లలున్నారు.

"తినొద్దండప్పా! అమ్మోరు కాదు, ఆ బువ్వలో విషముండాది! నా ఎద్దును సూడండి!" గొంతు చించుకుని అరుస్తూ, ఒళ్ళంతా వణుకుతుంటే, చేతుల్లోని ముద్దలు లాగి విసిరేశాడు.

జనం భయభక్తులతో వెనక్కి జరిగారు.

"ఎల్లప్పకూ వచ్చిండాది," అంది ముసలమ్మ. "శాంతించు తల్లీ" అంటూ వంగి, నేల మీది మెతుకులు ఏరి, కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంది.