రెండో చరణం

ఆ పెద్దమనిషి ఈవేళ కూడా పాట మధ్యలో లేచిపోయాడు.

గిటారు మీద ఇందు చెయ్యి ఆగలేదు గానీ, మనసు చివుక్కుమంది.

అనకాపల్లిలో, చుట్టుపక్కల ఊళ్ళకి తిరిగే సర్వీసు ఆటోల స్టాండుకి ఇవతల సందులో పైడిరాజు చెరుకు రసం కొట్టు. సాయంత్రమైతే ఆయన కూతురు ఇందు కొట్టు ముందు స్టూలు వేసుకుని, చిన్న స్పీకరు పెట్టుకుని, సొంతంగా రాసి బాణీ కట్టిన పాటలు పాడుతుంది.

బెల్లం పాకం వాసన మీద ఒకటి. కొండకర్ల ఆవ సరస్సులో పడవ మీద ఒకటి. నాన్న కోపం మీద ఒకటి. ఆ చివరిది మాత్రం యూట్యూబులో పెట్టనని పైడిరాజు ఒట్టు వేయించుకున్నాడు.

పెట్టిన ఒక్క పడవ పాటనీ చూసినవాళ్ళలో సగం మంది చుట్టాలు. మిగతా సగం ఆ చుట్టాలు బలవంతపెట్టినవాళ్ళు.

తన పాట ఒక్కటైనా ముక్కూ మొహం తెలియని జనం నోళ్ళలో నానాలని ఇందు కోరిక. అందుకే కొట్టు దగ్గర ఆగి వినే ప్రతి మనిషీ ఆమెకి అపురూపం.

ఈ మనిషి మాత్రం కొరుకుడుపడలేదు. భుజాన తువ్వాలు, చేతిలో ఫోను. వచ్చి బెంచీ అంచున కూర్చుంటాడు. పల్లవి, మొదటి చరణం అయ్యేదాకా కదలడు. రెండో చరణం ఎత్తుకునేసరికి ఉలిక్కిపడి లేచి, సగం గ్లాసు అక్కడే వదిలేసి, సందు మలుపు తిరిగి మాయం.

"నీ పాటే బాగోలేదనుకున్నాను. రసం కూడా సగం వదిలేత్తన్నాడు. నా రసానికేటైందే?" అన్నాడు పైడిరాజు దిగులుగా.

ఇందు రెండో చరణాలన్నీ తిరగరాసింది. మాటలు తగ్గించింది. బాణీలు మార్చింది. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా జనం నిలబడి వినడం మొదలుపెట్టారు.

ఆయన మాత్రం లేచిపోతూనే ఉన్నాడు.

ఒకరోజు ఇందుకి ఓపిక చచ్చిపోయింది. ఆయన లేవగానే పాట ఆపేసి మైకులోనే అడిగేసింది.

"బాబాయ్, రెండో చరణం మీకంత చేదా? చెబితే రాయడం మానేస్తాను కదా!"

కొట్టు దగ్గర జనం గొల్లుమన్నారు.

ఆయన చేతిలో ఫోను గబుక్కున జేబులో పెట్టుకున్నాడు.

"అదేటి లేదమ్మా... తప్పయిపోయింది" అని నవ్వబోయి, నవ్వలేక వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి రాలేదు.

'పీడా పోయింది' అనుకుంది ఇందు. అనుకుంది గానీ, పాడుతూ పాడుతూ బెంచీ అంచుకేసి చూడడం మానలేకపోయింది.

కొన్నాళ్ళకి ఒక ఫోను వచ్చింది. బుచ్చయ్యపేట దగ్గర ఒక ఊళ్ళో తీర్థం, అదే జాతర. కమిటీవాళ్ళు ఇందు వచ్చి పాడాలన్నారు.

"నా పాటలు మీకెలా తెలుసండీ?"

"భలేదానివమ్మా, తెలీకపోడమేటి? మా ఊళ్ళో పిల్లాజెల్లా అందరికీ వచ్చు!"

ఇందు నమ్మలేదు. పైడిరాజు అసలే నమ్మలేదు. అయినా కొట్టు మూసి ఇద్దరూ వెళ్ళారు.

స్టేజీ ఎక్కి ఇందు బెల్లం పాట పల్లవి ఎత్తుకుందో లేదో, జనం అందుకున్నారు. అది కొట్టు దగ్గర తప్ప ఎక్కడా పాడని పాట! ఇందుకి ఒళ్ళు పులకరించింది. మొదటి చరణం మొత్తం జనమే పాడేశారు.

రెండో చరణం దగ్గర ఒక్కసారిగా అందరూ ఆగిపోయారు.

పడవ పాట. అదీ అంతే.

నాన్న కోపం పాటకైతే ఊరు ఊరంతా చప్పట్లు కొడుతూ పాడింది. స్టేజీ పక్కన పైడిరాజు మొహం కందగడ్డయింది. రెండో చరణం రాగానే మళ్ళీ నిశ్శబ్దం.

ఇందు గిటారు ఆపేసింది. ముందు వరసలో గొంతు చించుకుని పాడుతున్న బుల్లమ్మ అనే ముసలమ్మని అడిగింది.

"అందరూ అక్కడే ఆగిపోతున్నారేం మామ్మా?"

"అంతవరకే కదమ్మా వత్తాది! మా నానాజీ ఆటోలో అంతవరకే ఉంటాది."

"నానాజీ ఎవరు?"

"ఈ లైన్లో సర్వీసాటో నడుపుతాడు. మీ నాన్న కొట్టుకాడ కూకుని, నీ పాట ఫోన్లో ఎక్కించుకునొచ్చేవోడు. స్టాండులో ముందు బండి హారను కొట్టి కదిల్తే ఈడి వంతు. ఆ ఏళకి లేకపోతే ఎనకాలోడు జనాన్ని ఎక్కించేసుకుంటాడు. అందుకే సగంలో లెగిసొచ్చేసేవోడు. బుచ్చయ్యపేట దాకా ఏ ఊళ్ళో ఇన్నా నీ సగం పాటలే!"



"అయితే నా రసం బాగానే ఉందన్నమాట!" అన్నాడు పైడిరాజు పైకే.

బుల్లమ్మ ఇంకా చెబుతూనే ఉంది. "ఈ మద్దిన కొత్త పాటలు రాడం లేదు. ఏటిరా అంటే, అమ్మాయికి ఇబ్బందవుతంది, ఇంక ఎల్లను అన్నాడు. నిన్ను పిలవమని కమిటీ ఎంటపడ్డదీ ఆడే."

"ఆయన ఇక్కడున్నారా?"

బుల్లమ్మ వెనక్కి చెయ్యి చూపించింది.

జనానికి ఆఖరున, ఆటోని ఆనుకుని, భుజాన తువ్వాలుతో నిలబడి ఉన్నాడు. ఇందు చూసిందని తెలియగానే చేతిలో ఫోను గబుక్కున జేబులో పెట్టుకున్నాడు.

ఇందుకి సిగ్గేసింది. ఏడుపొచ్చింది. ఆ వెనకే నవ్వూ వచ్చింది.

"ఫోను బయటికి తియ్యండి బాబాయ్" అంది మైకులో. "ఇవాళ మీ వెనక బండేం లేదు."

ఇక ఆ సాయంత్రం ఇందు ప్రతి పాటనీ రెండో చరణం నుంచే మొదలుపెట్టింది.