ఇంకేం గోలీలు మింగుతున్నవ్?

శశిధర్ మందుల కొట్టు మెట్ల పక్కన జామకాయల గంప దించిన ముసలామె, వచ్చిన మొదటిరోజే గిరాకీ చెడగొట్టింది.

మిర్యాలగూడ బస్టాండు ఎదుట కొట్టు అది. ఛాతీలో మంటంటూ రైసుమిల్లు హమాలీ ఒకడు గ్యాస్ గోలీలకు వచ్చాడు. శశిధర్ షీటు కత్తిరించి నాలుగు గోలీలు కవర్లో వేశాడు.

"ఇంకేం గోలీలు మింగుతున్నవ్ బిడ్డా?" అందామె.

హమాలీ జేబులోంచి కోదాడలో కొన్న షీటు తీశాడు.

"సేటుకు సూపెట్టు."

శశిధర్ చూశాడు. పేరు వేరు, లోపలి మందు ఒక్కటే. రెండూ కలిపి మింగకూడదని చెప్పి, ఇచ్చినవి వెనక్కి తీసుకోక తప్పలేదు.

అప్పటినుంచి రెండేళ్లుగా అదే వరస. పొద్దున్నే నిడమనూరు ఆటోలో దిగేది. కడుపుమంటని ఎవరొచ్చినా అదే ప్రశ్న.

జ్వరానికి యాంటీబయాటిక్ గోలీలు వాడుతూ గులాబీరంగు గ్యాస్ మందు అడిగినవాడికి, రెండింటికీ మధ్య గంటల ఎడం ఉండాలని శశిధర్ చెప్పాల్సి వచ్చింది. నెలల తరబడి నొప్పుల గోలీలు మింగుతున్న ఒకాయన, విరేచనం నల్లగా అవుతోందన్నాడు, లోపల రక్తం కారే గుర్తది. ఆ మాట వినగానే ముసలామె గంప అక్కడే వదిలేసి, అతణ్ని ఆటో ఎక్కించి దవాఖానలో చేర్చి మరీ వచ్చింది.

షీటు కత్తిరించేటప్పుడు ఇంకో నస. "పేరున్న ముక్క గూడ ఇయ్యి సేటు."

డాక్టరమ్మ దిగిందిరా అని గొణుక్కునేవాడు శశిధర్. గంప వేరేచోట పెట్టుకోమన్నాడొకసారి. ఆమె ఒక మెట్టు కిందికి జరిపి కూర్చుంది. ప్రశ్న మాత్రం జరగలేదు.

ఆమె వచ్చిన రెండో ఏడు శశిధర్ భార్య మౌనికకు ఐదో నెల. రెండుసార్లు కడుపు నిలవలేదు, ఇది మూడోది. థైరాయిడ్ అదుపులోకి రావడంలేదు. డాక్టర్ గోలీ డోసు రెండుసార్లు పెంచింది, ఫలితం లేదు. ఇలాగే ఉంటే బిడ్డకు ప్రమాదమంది.

ఫోన్లో మౌనిక ఏడుస్తుంటే, థైరాయిడ్ గోలీ మానొద్దని శశిధర్ ఓదార్చాడు.

"నీ ఇంటామె ఇంకేం గోలీలు మింగుతది సేటు?" ఆ మాటలు విన్న ముసలామె మెట్టు మీంచి అడిగింది.

అతనికి మండుకొచ్చింది. "మందుల కొట్టు నడిపేటోన్ని అవ్వా. నాకు తెల్వదా?"

"తెలిస్తే మంచిదే. అడిగినవా?"

అడగలేదు. అప్పుడే ఫోన్ చేశాడు.

పరగడుపున థైరాయిడ్ గోలీ వేసుకుంటుందట. కాసేపటికి గుండెల్లో మంట మొదలవగానే చప్పరించే గ్యాస్ బిళ్ల. ఆ బిళ్లల డబ్బా ఇంటికి తీసుకెళ్లింది శశిధరే. ఆ బిళ్ల థైరాయిడ్ మందును ఒంటికి పట్టనివ్వదు. చదువుకున్న సంగతే. కూట్లో రాయి తీయలేనివాడు ఏట్లో రాయి తీస్తాడా అన్నట్టయింది అతని పని.

డాక్టరును అడిగి రెండింటికీ నాలుగు గంటల ఎడం పెట్టించాడు. ఆరు వారాలకు రిపోర్టు వచ్చింది. థైరాయిడ్ అదుపులో ఉంది, బిడ్డ బాగుంది.

స్వీట్ల డబ్బా కొనుక్కొచ్చేసరికి మెట్ల పక్కన గంప లేదు. మూడు రోజులు చూశాడు. పేరు కనుక్కుందామంటే అతనికే తెలియదు. బిడ్డను నిలబెట్టిన మనిషిని పేరైనా అడగలేదని సిగ్గేసింది.

ఆమెను రోజూ దింపే ఆటోవాణ్ని పట్టుకుని నిడమనూరు దాటి ఆమె తండాకు వెళ్లాడు.

ఆమె పేరు రుక్మాబాయి. నిద్రలోనే పోయి నాలుగు రోజులైందని కోడలు సుక్కి చెప్పింది.

శశిధర్ డబ్బా అరుగు మీద పెట్టాడు. ఇన్ని సంగతులు ఆమెకెలా తెలుసని అడిగాడు.

"ఆమెకేం తెల్వదు సారూ. గా ఒక్క మాటే తెల్సు. మా మామ జైరాం మోకాళ్ల నొప్పులకు కోదాడ గోలీలు మింగుతుండె. గవి కడుపుల పుండు చేసినయ్. మంటకు మిర్యాలగూడల గ్యాస్ గోలీలు తెచ్చుకున్నడు. మంట తగ్గింది, లోపట రక్తం కారుతున్నట్టు తెల్వలే. సూర్యాపేట దవాఖానల ఏం గోలీలంటే షీటు ముక్క సూపెట్టినం. దాని మీద పేరు లేదు. అమ్మినోడు ఇంకేం మింగుతున్నవని ఒక్క మాట అడిగినా బతుకుతుండె అన్నడు డాక్టరు."

"ఏ కొట్టు?"

"అత్త మాకు చెప్పలే. చెప్తే పోయి కొట్లాడుతమని. తిడితే ఏమొస్తది, అడుగుడు నేర్పియ్యాలె అనేది."

సుక్కి లోపలికి వెళ్లి అత్త సంచి తెచ్చింది. అందులోంచి నలిగిన మందుల కవరు తీసి, "మాకు సదువు రాదు, మీరే సూడున్రి" అని అతని చేతిలో పెట్టింది.

పేరు లేని షీటు ముక్కను రెండేళ్లుగా దాచిన ఆ కవరు మీద అచ్చయి ఉన్నది శశిధర్ కొట్టు పేరే.