అడుగంటిన ఉప్మా

1983. అమెరికాలోని ఎడిసన్‌లో మా అమ్మాయి చదివే కాథలిక్ స్కూల్లో, విదేశాల్లోని మిషన్ బడుల పిల్లల సహాయార్థం ఫుడ్ సేల్ పెట్టారు. నేను పులిహోర, గారెలు చేస్తానంటే మా ఆయన వద్దన్నారు. తానే వండుతారట!

కాఫీ కలుపుకోవడం కూడా రాని డాక్టర్‌గారు పొద్దున్నే స్టవ్ దగ్గర చేరి గోధుమ రవ్వ ఉప్మా చేశారు. అందులో జీడిపప్పు లేదు, పోపు అంతంత మాత్రం. పైగా అడుగంటింది.

"ఆపరేషన్లు కూడా ఇలాగే చేస్తారా?" అన్నాను.

"ఆ మాడు మాత్రం పారెయ్యకు. ప్యాక్ చెయ్యి," అన్నారు.

స్కూల్ హాల్లో పక్క టేబుల్ మీద యాపిల్ పై ఇట్టే అయిపోయింది. మా వైపు ఒక్కరూ రాలేదు. చివరికి ప్రిన్సిపల్ సిస్టర్ జాలిపడి ఓ స్పూన్ నోట్లో పెట్టుకుని, "ఇంటరెస్టింగ్!" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

మా ఆయన నవ్వారు. "సిస్టర్, చిన్నప్పుడు మా ఊరి మిషన్ బడిలో మధ్యాహ్నం ఇదే పెట్టేవారు. రవ్వ మూటల మీద మీ అమెరికా పేరుండేది. చాలా రోజులు నాకు అదొక్కటే తిండి."

నేను మాత్రం బెట్టు వదల్లేదు. "అక్కడా ఇలాగే మాడ్చేవారా?"

"రోజూ! గంగాళం అడుగున మాడు కోసం కొట్టుకు చచ్చేవాళ్లం, మీనాక్షీ. పెద్ద పిల్లలు లాగేసుకునేవారు. నాకెప్పుడూ దొరకలేదు."

సిస్టర్ మళ్లీ ప్లేటు చాపింది. "అయితే నాకు ఆ మాడే కావాలి."

"సారీ సిస్టర్, అది అమ్మకానికి లేదు," అని డబ్బాలోని మాడు మొత్తం గీకి మా ఆయన ప్లేట్లో పెట్టాను.