ఏమీ చూపించని పేజీ

ఫొటో మీద నొక్కింది. బూడిదరంగు గడి వచ్చింది.

ఇంకోటి నొక్కింది. మళ్లీ గడే.

ఆ వెబ్‌సైట్ల కంపెనీలో అందరికంటే పాతావిడ. అందరూ అక్కా అంటారు. మధ్యాహ్నానికల్లా మిల్లు యజమానికి పేజీ చూపించాలి. సమ్మె చేసి గేటు ముందు కూర్చున్న కూలీల ఫొటోలన్నీ అందులో ఉండాలి. ఆ పేజీ చూశాక ఇక వాళ్లకు ఏ మిల్లులోనూ పని పుట్టకూడదు. యజమాని పంతం అది.

ఫొటోలు చూపించే సాఫ్ట్‌వేర్ రాసింది ముంగి. కొత్తగా చేరాడు. నోట్లోంచి మాట ఊడిపడదని ఆఫీసు పెట్టిన పేరది. ఈ పని మాత్రం నోరు తెరిచి, అడిగి మరీ తీసుకున్నాడు.

“ఏంటండీ ఇది? ఒక్క మొహమూ కనబడట్లేదు.”

“కనబడవక్కా.”

“ఎక్కడో తప్పు పోయినట్టుంది, చూడండి.”

“తప్పేం లేదు. కనబడకుండా ఉండాలనే రాశాను.”

అక్క నోరెళ్లబెట్టింది. “ఫొటోలు చూపించని ఫొటో సాఫ్ట్‌వేరా? ఎవరికండీ పనికొచ్చేది?”

“ఆ ఫొటోల్లో ఉన్నవాళ్లకి.”

వెనకే నిలబడ్డ మేనేజరు మొహం కందగడ్డయింది.

“కూర్చుని సరిచేస్తావా, బయటికి పోతావా?”

ముంగి కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. “పోతాను సార్. ఇంకెవరిచేతైనా చేయించేటప్పుడు, ముందు ఆ ఫొటోలు వాళ్లకి చూపించండి.”

అక్కకు ఒళ్లు మండింది. “మీ గొప్ప మీరు చూసుకున్నారు. మా కష్టమంతా మట్టిపాలు చేశారు.”

అతను సంచి భుజాన వేసుకున్నాడు. “వస్తానక్కా” అన్నాడు.

ఆవిడ తలెత్తలేదు.

“నువ్వు కూర్చో అమ్మా, గంటలో అయిపోవాలి” అన్నాడు మేనేజరు.

కూర్చుంది. సరిచేయాలంటే అసలు ఫొటోలు తెరవాలి. తెరిచింది.

టిఫిన్ డబ్బా పట్టుకున్న ముసలాయన. చంకలో పిల్లతో ఒకావిడ. ఫొటో తీస్తున్నారని కూడా తెలియదు, పిల్ల ముక్కు తుడుస్తోంది. ఎవరి మాటకో పగలబడి నవ్వుతున్న అమ్మాయి. ఇన్నాళ్లూ అక్కకు ఇవి ఫైళ్లే.

కీబోర్డు అవతలికి తోసేసింది.

“ఏమైంది?”

“చెయ్యను సార్.”

“చేతకాదా?”

“చేతనవును. చెయ్యను.”

లేచి కిటికీ దగ్గరికి పరుగెత్తింది, అతను కనిపిస్తే కేకేద్దామని. కింద బస్టాపు ఖాళీగా ఉంది.

మేనేజరు పక్క సీటతన్ని పిలిచాడు. అతనూ ఫొటోలు చూశాడు, చేతులు కట్టుకున్నాడు. ఆ తర్వాతి ఆవిడ అసలు కుర్చీలోంచే లేవలేదు.

మధ్యాహ్నం మిల్లు యజమాని ఫోన్ చేశాడు. మేనేజరు స్పీకర్ నొక్కాడు.

“సార్, పేజీ కొంచెం…”

“తెలుసులే. వాడే వచ్చి నా మొహాన చెప్పాడు. పనిలోంచి తీసేశారా?”

“ఆ నిమిషమే తీసేశాం సార్.”

ఆఫీసంతా వింటోంది.

“మంచి పని చేశారు. ఒక్కగానొక్క కొడుకని కూడా చూడకుండా, ఇంట్లోంచి నేనూ గెంటేశాను.”