ఎంగిలి పలక

పాస్‌వర్డులు రద్దయి, లాగిన్ కావడానికి ఉమ్మి తప్ప మరో ఆధారం మిగలని కాలమది. ఇంట్లో ఏ తలుపు తెరవాలన్నా, వరండా గోడమీది డేటాబేస్ పేజీ తెర కిందున్న పలకను నాకవలసిందే. అంతస్తులోని ఆరు కుటుంబాలకూ ఆ పలక ఒక్కటే. భుజంగరావు దానివైపు చూసేవాడే కాదు; ఆ పని అక్క హైమవతి చేసేది.

ఇప్పుడామె దగ్గుతూ, ఆయాసంతో ఎగరోజుతోంది. పీల్చే మందు బీరువాలో ఉంది. భుజంగరావు లవంగాల నీళ్లు పుక్కిలించి, పలకను తడిగుడ్డతో తుడిచి, కళ్లు మూసుకుని నాలుక ఆనించాడు. "ప్రవేశం లేదు" అంది గోడ. మళ్లీ పుక్కిలించి, మళ్లీ తుడిచాడు. మళ్లీ అదే మాట.

సహాయకేంద్రానికి ఫోన్ చేశాడు.

"నోరు కడిగారా అంకుల్?" అంది అక్కడి అమ్మాయి.

"కడగకుండా ఎలాగమ్మా?"

"కడిగితే మీ ఉమ్మి దానికి అందదండీ. పలకను తుడిస్తే అది ఎవరినీ గుర్తుపట్టదు. ఇంకొకరు నాకి వెళ్లాక, తడి ఆరకముందే మీరు పెట్టండి."

అంతలో ఎదురింటి వరహాలు కిళ్లీ నములుతూ వచ్చి, పలకను తృప్తిగా నాకాడు. "రండి మాస్టారూ, ఇంకా వెచ్చగానే ఉంది."

లోపల అక్క దగ్గు ఆగిపోయింది. భుజంగరావు ఆ ఎర్రటి తడిమీద నాలుక పెట్టాడు. బీరువా తెరుచుకుంది.

మందు పీల్చి తేరుకున్న హైమవతి, వాంతి చేసుకుంటున్న తమ్ముణ్ణి చూసి విసుక్కుంది.

"ఇన్నేళ్లూ నీ మజ్జిగ ఫ్రిజ్‌లోంచి ఎలా వచ్చిందనుకున్నావురా?"