ఇంకు అయిపోయిందట

“ఇంకు కార్ట్రిడ్జ్ ధరకి ఇంచుమించు కొత్త ప్రింటరే వస్తుంది, అమ్మమ్మగారూ. వచ్చే నెల చూద్దాం,” అన్నాడు మా మనవరాలు తన్మయి మొగుడు వినయ్. ఎంత పొదుపరో అని మురిసిపోయాను.

మర్నాడు ఎల్బీనగర్‌లో తన్మయికి ఉద్యోగం ఇంటర్వ్యూ. బయోడేటా ప్రింటు తీయాలి.

“కింద జిరాక్స్ షాపుందిగా?” అన్నాను.

“అక్కడంతా కోచింగ్ కుర్రాళ్లేనట, వెళ్లొద్దన్నారు ఆయన. పోయినసారి ఇంటర్వ్యూ కూడా ఇలాగే పోయింది, అమ్మమ్మా.”

వినయ్ ఆఫీసుకి వెళ్లాక, నా పింఛను డబ్బుతో దిల్‌సుఖ్‌నగర్‌లో కార్ట్రిడ్జ్ కొన్నాను. ధర విన్నాక, అందులో కుంకుమపువ్వేమైనా నూరి పోశారా అని అనుమానం వచ్చింది.

ఇంటికొచ్చి ప్రింటర్ మూత తెరిస్తే, పాత కార్ట్రిడ్జ్ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

“నేను తియ్యలేదు,” అంది తన్మయి.

సాయంత్రం వినయ్ గుమ్మంలోకి వచ్చేసరికి ప్రింటర్‌లోంచి బయోడేటా బయటికొస్తోంది.

“ఇంకు ఎవరు కొన్నారు?”

“నేనే, బాబూ. పాతది తెస్తే జర తగ్గిస్తనన్నాడు షాపాయన. ఎక్కడ పెట్టావు? ఖాళీ కాకపోయినా ఫర్వాలేదట.”

వినయ్ భుజాన ఉన్న ఆఫీసు బ్యాగు దించకుండా అలాగే నిలబడ్డాడు.