దిక్కులేని కణాలు

నూకయ్యను చంపేద్దామని డాక్టర్ విజయ్‌కుమార్ నిర్ణయించుకున్నాడు. మాటవరసకే లెండి, కత్తితో కాదు.

ఖరిదా బజారులో డాక్టరుగారి క్లినిక్. నూకయ్య ఆయన తండ్రి స్నేహితుడు, రైల్వే వర్క్‌షాపులో ఇద్దరూ కలిసి పనిచేశారు, ఇప్పటికీ రోజూ కలుస్తారు. అందుకని ఫీజు లేదు. సూదంటే ముసలాయనకి చచ్చేంత భయం. షుగరు పరీక్షకి ఇంటి నుంచే సీసాలో మూత్రం తెచ్చిచ్చేవాడు. పూటపూటా రసగుల్లాలు మింగే మనిషికి షుగరు జాడే లేదు! ఆ మూత్రంలోని కణాల్ని డాక్టరు గుట్టుగా పెంచి చూస్తే, పసిపిల్లాడి కణాల్లా పెరిగిపోతున్నాయి.

అడగలేదు, చెప్పలేదు. మందుల కంపెనీకి అమ్మేశాడు. ఫీజు వదులుకున్న ఆ దానకర్ణుడు మనిషినే అమ్ముకున్నాడు.

"ఆయన అనుమతి ఏదీ?" అంది కంపెనీ.

అడిగితే ముసలాడు వాటా అంటాడు. అందుకే ఈ చావు.

"ఈ కణాల మనిషి పోయాడండీ. నా అన్నవాళ్లెవరూ లేరు. జాలిపడి తలకొరివి కూడా నేనే పెట్టాను," అని ఫోన్లో గొంతు బొంగురు చేశాడు. అదే రాసి, ప్రమాణం చేసి సంతకం పెట్టాడు.

దాచిన నమూనా ఉంటే ఇంకా కొంటామన్నారు వాళ్లు. ఆశకి అంతెక్కడ? నూకయ్యకి కబురెళ్లింది. పాపం, తాల్‌బగీచా నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు.

"బాబాయ్, ఇంకో సీసా కావాలి. ఇక్కడే, ఇప్పుడే."

నూకయ్య చటుక్కున గుమ్మం వైపు అడుగేశాడు. "రేపు ఇంటికాడ నుంచి తెస్తాను బాబూ."

"ఠీక్ హై. పరీక్షకి మొండికేస్తున్నారని మీ కోడలు కళ్యాణికి ఫోన్ చేస్తాను."

నూకయ్య రెండు చేతులూ జోడించాడు.

"బాబ్బాబు, దానికి సెప్పకండి! నాకు సుగరుందని తెలిస్తే రసగుల్లా ముట్టనివ్వదు. వర్క్‌షాపులో మెడికల్ అంటే సుగరున్నోళ్లమంతా మంచోడి సీసా అట్టుకెళ్లీవోళ్లం. అదే అలవాటు. మీకిచ్చినవేవీ నావి కావు."

డాక్టరు లేచి క్లినిక్ తలుపు మూశాడు. అసలు మనిషి ఎవడో! బతికున్నాడా, కోర్టుకెక్కే రకమా?

"మరెవరివి?"

"ఇంకెవరివి బాబూ? మా వర్క్‌షాపు బేచీలో సుగరు లేనోడు ఒక్కడే, మీ నాయిన!"